మీ ఒళ్ళో తల పెట్టినవాడు

ఆదివారం, పొద్దున

పెద్ద నటి అమ్మగారికి,

బట్టల గదిలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే మనిషి దండం పెట్టి రాస్తున్నది. మీరు, మీ ఇంట్లోవాళ్ళు చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను, మా పెద్దమ్మాయి ఉన్నాము. అంతకు మించి రాస్తే అబద్ధమవుతుంది. నాకు రాత అంతంత మాత్రం, తప్పులుంటే సర్దుకుని చదవండి.

రేపు సాయంత్రం సభలో మా చిన్నోడికి ఇచ్చే బహుమతి మీరు అందుకుంటారని పేపర్లో వేశారు. తల్లి లేని బిడ్డ కాబట్టి, సినిమాలో తల్లిగా చేసిన మీరే ఆ స్థానంలో తీసుకుంటారట. మీరంతా టోపీ అని పిలిచినవాడు నా కొడుకు, అమ్మగారూ. వాణ్ణి కన్నది నేను. బతికే ఉన్నాను.

ఇదెలా జరిగిందో చెప్తాను. బట్టల మాస్టరు దగ్గర ఇస్త్రీకి కుదిరినప్పుడు, మూటలు మోయడానికి వాణ్ణి వెంట తెచ్చాను. కొత్తగా కుట్టిన కోటు ఎలా పడిందో చూడాలని మాస్టరు దాన్ని వాడికి తొడిగి, నెత్తిన టోపీ పెట్టి నిలబెట్టాడు. అటుగా పోతున్న డైరెక్టరుగారు ఆగిపోయారు. పాతకాలం మోసగాళ్ళ ముఠా కథ కదా. అందులో కుర్ర మోసగాడు, డబ్బున్న ఒకావిడ బంగళాకి తప్పిపోయిన కొడుకునంటూ వెళ్తాడు. ఆ వేషానికి నిజంగా తల్లి లేనివాడే కావాలని ఆయన పట్టు. అమ్మ ఉందన్న కుర్రాళ్ళందరినీ అప్పటికే పంపేశారు. వీణ్ణీ అడిగారు. వీడు తడుముకోకుండా, లేదండీ, చిన్నప్పుడే పోయింది అన్నాడు. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. చేతిలోని చొక్కా మీద నీళ్ళు బాగా చిలకరించి పెట్టె ఆనించాను. ఆ ఆవిరిలో నా మొహం ఎవరికీ కనపడలేదు.

భోజనాలప్పుడు నా పక్కన చేరి, ఏమనుకోకే అమ్మా, సినిమా విడుదల కాగానే నిన్ను బతికించేస్తాగా అని నవ్వాడు. వేషం కట్టకముందే డైరెక్టరుగారికే టోపీ పెట్టావు కదరా వెధవా అని నేనూ నవ్వాను. అక్కణ్ణుంచి సెట్లో నన్ను ఇస్త్రీ అక్కా అని పిలిచేవాడు. పిలిచి కన్ను గీటేవాడు. నాకూ సరదాగానే ఉండేది, మీ ఒళ్ళో తల పెట్టే సీను వచ్చేదాకా.

మీరు ఇంకోసారి చేద్దాం, ఇంకోసారి చేద్దాం అంటూనే ఉన్నారు. బిడ్డ మొహం ఇటు తిరగలేదు, కన్నీరు సరిగా జారలేదు అని. ప్రతిసారీ వాడు మోకాళ్ళ మీద కూలబడి అమ్మా అంటాడు, మీ వేళ్ళు వాడి జుట్టులోకి వెళ్తాయి. లైట్ల వెనక నేను మీ తర్వాతి సీను చీర చేతుల మీద మోస్తూ నిలబడ్డాను. మీసాలొచ్చాక వాడు నన్ను తల తాకనిచ్చింది లేదు. జుట్టు చెరిపేస్తావే అని విదిలించుకుని పోయేవాడు. మీరు ఎన్నిసార్లు చెరిపినా ఊరుకున్నాడు. నటన అని నాకు తెలియదా. తెలిసే కడుపు మండింది.

షూటింగు ఆఖర్లో వాడు జ్వరం తలకెక్కి ఆసుపత్రిలో పడ్డప్పుడు కూడా మంచం పక్కన కుర్చీలో మీరే కూర్చున్నారు. నర్సు నన్ను, నువ్వెవరమ్మా అంది. ఇస్త్రీ చేసేదాన్నండి అన్నాను. లేచాక, నా వేషం పోగొట్టావు కదే అని తిడతాడని భయం. వాడు లేవలేదు. నన్ను బతికించకుండానే పోయాడు. మీరు బోరున ఏడుస్తుంటే గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది నేనే, మీకు గుర్తుండదు.

సినిమా చూశాను. చివర్లో మీరు వాడితో, నువ్వు నా కొడుకువి కాదని మొదటిరోజే తెలుసు అంటారు. హాలంతా ఏడ్చింది. నేను పళ్ళు కొరుక్కున్నాను. తెలిసి కూడా ఇంట్లో పెట్టుకుందా, ఎవరి బిడ్డని ఎవరు పెట్టుకుంటారు అని.

పేపరు చూసినప్పటినుంచి మా పెద్దమ్మాయి గిన్నెలు ఎత్తి పడేస్తోంది. నువ్వు వెళ్ళి చెప్తావా, నన్ను వెళ్ళి మైకు లాక్కోమంటావా అని. చెప్తే ఏమవుతుందే అన్నాను. తెర మీదా మోసగాడే, బయటా మోసగాడే, కన్నతల్లిని చంపి వేషం కొట్టేశాడు అంటారు. వాడు వచ్చి జవాబు చెప్పుకోలేడు. అది దానికీ తెలుసు. అయినా మూతి ముడుచుకునే తిరుగుతోంది.

అందుకని బహుమతి మీరే తీసుకోండి. నా కొడుకు అని కూడా అనండి, ఓర్చుకుంటాను. తల్లి లేని బిడ్డ అని మాత్రం అనకండి. అదొక్కటే నేను అడిగేది. ఆ చోటికి వచ్చేసరికి ఒక గుటక వేసి దాటేయండి. అంత పెద్ద నటి మీరు, ఎవరికీ తెలియదు. నాకు తెలుస్తుంది. చివరి వరసలో కూర్చుని ఉంటాను.

మీ మీద కోపం పోయిందని రాయలేను. ఇక చాలిస్తాను.

ఇట్లు,
వాడి అమ్మ

తా.క. అసలు ఈ ఉత్తరం రాద్దామనుకోలేదమ్మగారూ. రేపు సభకి మీరు కట్టుకునే పట్టుచీరని మాస్టరు ఇస్త్రీకి మా ఇంటికే పంపాడు. ఇవాళ లేవగానే పెట్టె బాగా కాల్చాను. కొంగు విప్పి బల్ల మీద పరిచి, పెట్టె దాని మీదికి తెచ్చాను. అది కాలితే మీరు ఇంకో చీర కట్టుకుని వెళ్తారు, ఆ సంగతి తెలుసు. అయినా మీదొకటి కాలాలనిపించింది. భుజం లాగేదాకా అలా పట్టుకునే నిలబడ్డాను. తర్వాత పెట్టె పక్కన పెట్టి, వేడి తగ్గనిచ్చి, పల్చటి గుడ్డ కప్పి, ఎప్పుడూ చేసినట్టే చేశాను. అప్పుడు అమ్మాయిని కాగితం అడిగాను. ఉత్తరం కొంగు మడతలో పెడుతున్నాను. చీర మీద మచ్చేమీ లేదు, వెలుగులో పట్టి చూసుకోండి. ఆ రంగు మీకు బాగుంటుంది. అదే నాకు కష్టంగా ఉంది.