బెండు కట్టి బావిలోకి

జులై 6, శనివారం

మాపటి బడిలో ముగ్గుల పాఠం ఈరోజుతో పూర్తయింది. చెప్పింది లింగయ్య సారు, పోలీసు నౌకరీ చేసి రిటైరైన మనిషి. చుక్కలను కూడా లాకప్పులో నిలబెట్టినట్టే వరుసగా నిలబెట్టాడు. ఒక్క చుక్క పక్కకు జరిగితే ఊరుకోడు. మా రిటైరైనోళ్ల బడి కట్టుబాటే అది — బతుకంతా చేసిన నౌకరీ గురించి ఎవరూ పాఠం చెప్పకూడదు. వేరే ఏదైనా వస్తే చెప్పాలి. నేను నర్సును కాబట్టి సూది మాట, బీపీ మాట ఎత్తకూడదు. నేను ఎత్తను. వాళ్లే వచ్చి చెయ్యి చాపుతారు.

తర్వాతి పాఠం ఎవరిదంటే రజియా ఆపా లేచింది. ఉర్దూ మీడియం బడిలో టీచరుగా చేసింది. ఈత నేర్పిస్తానంది. ఆత్మకూర్ దగ్గర వాళ్ల నాయన తోట బావిలో చిన్నప్పుడు మగపిల్లలను ఓడగొట్టేదట. అందరూ నవ్వారు. నవ్వు ఆగేసరికి చూస్తే నా చెయ్యి పైకి లేచి ఉంది.

జులై 7

షుగరు. మోకాళ్లు. ఇప్పుడు ఈత... నాకేమైనా పిచ్చా?

జులై 13

బావి దొరికింది. మా బడి ప్రెసిడెంటు వెంకట్‌రెడ్డి సారు చిట్యాల దారిలో ఉన్న తన పొలం బావి ఇస్తానన్నాడు. వానలకు నీళ్లు పైదాకా వచ్చాయట. కానీ ముందు థియరీ కావాలట. కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన మనిషి, ఎక్కడికి పోతుంది ఆ బుద్ధి? కట్టుబాటు గుర్తు చేశాను. "నేను ఫిజిక్స్ చెప్తలేను సిస్టర్, నీళ్ల సంగతి చెప్తున్న," అని తప్పించుకున్నాడు.

జులై 20

బోర్డు మీద బావి బొమ్మ. బావిలో మనిషి. మనిషి చుట్టూ బాణాలు — పైకి ఒకటి, కిందికి ఒకటి. రాసుకున్నాం. తర్వాత బెంచీల మీద బోర్లా పడుకొని కాళ్లూ చేతులూ ఆడించాం. మా గది కింద ఫంక్షన్ హాలులో ఎవరిదో నిశ్చితార్థం. మెట్లెక్కి తొంగి చూసిన చుట్టాలు మమ్మల్ని చూసి గప్‌చుప్‌గా దిగిపోయారు. అంతలో లింగయ్య సారు బెంచీ మీంచి పడ్డాడు. నీళ్లు లేకుండానే మునిగిన మొదటి మనిషి. నవ్వీ నవ్వీ కడుపులో నొప్పి పుట్టింది.

ఆపా మాత్రం వెనక కూర్చొని చాయ్ తాగుతోంది. ఒకటే మాట. "కానియ్యుండ్రి, కానియ్యుండ్రి..." అంతే.

జులై 27

పరీక్ష పెట్టారు! ఈతకు కాగితం మీద పరీక్ష — మా బడి తప్ప ఇంకెవరు పెడతారు? నాకు ఫస్ట్ ర్యాంకు. చప్పట్లు, శాలువా కూడా. నర్సింగు పరీక్షలో కూడా ఇంత సంబరపడలేదు.

ఇంటికొచ్చి సుధాకర్‌కు చెప్పబోయి ఆగిపోయాను. నా కొడుకే. కానీ బావి మాట వింటే ఇల్లు పీకి పందిరేస్తాడు. కసరత్తు క్లాసని చెప్పాను. సగం నిజమే కదా.

ఆగస్టు 3

వాన. వాయిదా. లోపల హాయిగా అనిపించింది. సిగ్గు లేకుండా రాసుకుంటున్నాను.

ఆగస్టు 10

ఇల్లలకగానే పండగ కాదని ఈరోజు తెలిసింది.

ముందు ఆడవాళ్ల వంతు. మగవాళ్లంతా చింతచెట్టు అవతల, ఇటు తిరగకూడదు. ఆపా నిండు చేతుల కుర్తా, పైజామా, తలకు బిగించిన రుమాలుతో మెట్లు దిగి నీళ్లలోకి జారిపోయింది. చప్పుడే లేదు. డెబ్బై దగ్గరపడుతున్న మనిషి, నీళ్లు తగలగానే చిన్నపిల్ల.

నా వీపుకు మూడు ఎండిన మునగ కర్ర బెండ్లు తాడుతో కట్టింది. అవి మునగవు, కట్టుకున్న మనిషినీ మునగనివ్వవు. వారానికొక బెండు తీసేస్తూ పోతుందట. అవన్నీ ఊడేనాటికి ఈత వచ్చినట్టు. మా థియరీలో బెండు మాటే లేదు.

కాలు నీళ్లలో పెట్టాను. కింద నేల లేదు. బాణాలు లేవు, బోర్డు లేదు. మోటరు పైపును రెండు చేతులతో వాటేసుకున్నాను.

"పైపు ఇడువు మేరీ."

"ఇడువ."

"గట్లయితే ర్యాంకు పైపుకియ్యాలె. గదే నిన్ను మోస్తాంది."

చివరిదాకా విడవలేదు. పైపు పట్టుకునే దిగాను, పైపు పట్టుకునే ఎక్కాను.

ఆగస్టు 11, ఆదివారం

భుజాలు లేవడం లేదు. చర్చిలో పాస్టరు గారు ఆ వాలకమేమిటని అడిగారు. చెప్పాను. నీళ్లలో మునగడం నీకు కొత్తా అని నవ్వారు. "ఒక్కపారే మునిగిన అయ్యగారూ. బాప్తిస్మం నాడు. గప్పుడు పట్టుకునెటోళ్లుండిరి," అన్నాను.

ఆగస్టు 17

విడిచాను!

ఎలా జరిగిందో సరిగ్గా చెప్పలేను. ఆపా ఎదురుగా నీళ్లలో నిలబడినట్టే తేలుతూ చేతులు చాపింది. "నా కండ్లల్లకు చూడు. నీళ్లను చూడకు." చూశాను. పైపు మీంచి ఒక చెయ్యి... ఇంకో చెయ్యి. ముక్కులోకి నీళ్లు, దగ్గు, ఏసయ్యా అని ఒక కేక. ఆ తర్వాత మునగలేదు. తేలుతున్నాను. నీళ్లు నన్ను కింద నుంచి ఎత్తి పట్టుకున్నాయి.

ఆటోలో దారి పొడుగునా ఊరికే నవ్వు వస్తూనే ఉంది.

ఆగస్టు 24

ఒక బెండు తీసేసింది. ఒంట్లో భారం తెలిసింది. అయినా గోడ నుంచి గోడకు సగం దూరం పోయాను.

బట్టలు మార్చుకొని బావి గడ్డ మీద కూర్చున్నాం. వెంకట్‌రెడ్డి సారు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇంత హుషారున్న దానివి చిన్నప్పుడే ఎందుకు నేర్చుకోలేదు, మీ ఊళ్లో బావి లేదా అని అడిగాడు. మామూలుగానే అడిగాడు.

"ఉండె సారూ. మాకు లేకుండె."

మా ఊరి పటేలు బావి గడ్డ మీద మా వాడ పిల్లలం నిలబడితేనే రాళ్లు విసిరేవారు. లోపల ఈదే పిల్లల కేకలు దూరానికి వినిపించేవి. ఆ నీళ్లు ఎంత చల్లన, ఎంత లోతు అన్నది ఆ కేకలను బట్టే ఊహించుకునేదాన్ని. అంతా చెప్పలేదు. చెప్పినంతకే ఆయనకు అర్థమైంది. పక్కనున్న గడ్డి పరకలు తెంపాడు.

"మా తాత గూడ గసుంటోడే సిస్టర్," అన్నాడు చివరికి. "ఎప్పుడన్న రా. నన్ను అడగకు."

కోపం వచ్చింది. సంతోషమూ వేసింది. రెండూ ఒకేసారి ఎలా వస్తాయో.

ఇప్పుడు ఒకటే కోరిక. బెండు లేకుండా ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక్కసారి పోవాలి. ఒక్కసారైనా.

ఆగస్టు 31

ఇంకో బెండు పోయింది. ఆపా నా ఈతను నా ఫోనులోనే వీడియో తీసింది. ఎంత బాగా వచ్చిందో! నీళ్ల మీద తల ఒక్కటే, ఆ తలలో నవ్వే నా పళ్లు. మా బడి ఆడవాళ్ల గ్రూపులో పెట్టి, ఫోను పక్కన పడేసి బియ్యం కడిగాను.

తిరిగొచ్చి చూస్తే పెట్టింది చుట్టాల గ్రూపులో. మా వియ్యపురాలు చప్పట్ల బొమ్మలు కూడా పంపింది.

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంటే ఇదే కాబోలు. ఈత వచ్చింది గానీ ఫోను రాలేదు.

సెప్టెంబరు 1

సుధాకర్‌కు ఆఫీసులోనే ఎవరో చూపించారట. నిన్న రాత్రి అన్నం తినకుండానే పడుకున్నాడు. ఈరోజు చర్చి నుంచి రాగానే మొదలుపెట్టాడు. బావి ఏమిటి, ఈ వయసేమిటి, కసరత్తని అబద్ధం ఎందుకు. అబద్ధం సంగతి వాడన్నది నిజమే. 

"అందులో వడి సస్తె నేనేం గావాలె అమ్మా?"

చిన్నప్పటిలా నా కొంగు పట్టుకున్నాడు. అందుకే తిట్టలేకపోయాను. ఇక పోవద్దని ఖరాఖండిగా చెప్పేశాడు. కోడలు అనిత గిన్నెలు తోముతూ నా వైపు చూసింది.  నా ఈత కుర్తా, పైజామా అప్పటికే ఉతికి ఆరేసి ఉన్నాయి తీగ మీద.

సెప్టెంబరు 4

దవాఖానాలో ఎంతమంది డాక్టర్లకు ఎదురుచెప్పానో. కన్నకొడుకు దగ్గర నోరు పెగలడం లేదు.

సెప్టెంబరు 7

వినాయక చవితి. బడికి సెలవు. ఆపా ఫోను చేసింది. ఒక్క బెండే మిగిలింది మేరీ, ఇక్కడ ఆపుతావా అంది. 

సెప్టెంబరు 12

చెప్పేశాను. సుధాకర్ చాయ్ తాగుతుంటే నిలబడే చెప్పాను. "శనారం నేను పోత. నువ్వు ఒప్పుకున్నా పోత, ఒప్పుకోకున్నా పోత. దాసి పోను, గంతే." చెప్పి వంటింట్లోకి వచ్చి నాకూ ఒక కప్పు చాయ్ పోసుకున్నాను. ఎంత హాయి!

సెప్టెంబరు 14, శనివారం

బండి మీద తానే దింపుతానన్నాడు. ప్రేమతో కాదు. మా ప్రెసిడెంటుతో, ఆపాతో తేల్చుకోవడానికి. 

గడ్డ మీద చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆపా వాడిని దండం కూడా పెట్టనివ్వలేదు. "ముందు చూడు బిడ్డా, ఎన్కసీరి తిట్టు," అని నన్ను తీసుకొని దిగింది. ఆ ఒక్క బెండు నా వీపుకు కట్టింది.

గోడను కాళ్లతో తన్ని బయలుదేరాను. ఆపా పక్కనే వస్తోంది. సగం దూరం దాటాను. అప్పుడు చూశాను — నా బెండు నా కంటే ముందు తేలుతూ పోతోంది. ఒంటరిగా. నేను దాని వెనక.

తాడు ముడి వదులుగా కట్టింది! ఆఖరి పాఠం అదేనట, ఎవరికీ ముందు చెప్పరట.  పైనుంచి "అమ్మా" అని ఒక్క అరుపు. మునిగాను... ముక్కులోకి నీళ్లు... తెలియకుండానే కాళ్లు ఆడుతున్నాయి. పైకి వచ్చాను. చేతులు వేశాను. ఒకటి, ఇంకొకటి. ఆపా ముట్టుకోలేదు, పిలవలేదు. అవతలి గోడ రాయి అరచేతికి తగిలింది. పాచి. చల్లన. ముద్దు పెట్టుకున్నాను ఆ రాయిని.

తిరిగి చూస్తే సుధాకర్ మెట్లు దిగి, బూట్లతోనే, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి ముందుకు చాపి. వాడికి ఈత రాదు. అది మరిచిపోయి దిగాడు.

చింతచెట్టు అవతల, ఇటు తిరక్కుండానే, మగవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. ఏమైందో వాళ్లకు తెలియదు. నా నవ్వు విని కొట్టారట.

తిట్టాలనుకున్న మాటలు వాడు తిట్టలేదు. ఆపాకు దండం మాత్రం పెట్టాడు. బూట్లు కిచకిచమంటుంటే బండి నడిపాడు.

సెప్టెంబరు 15

చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడి, నవ్వి కూర్చున్నాను.

ఇంట్లో సుధాకర్ ఇంకా ఔననలేదు, కాదనలేదు. బూట్లు ఎండలో పెట్టుకున్నాడు.

సెప్టెంబరు 20, శుక్రవారం

రేపు మళ్లీ బావి. సుధాకర్ అన్నం తింటూ తింటూ ఆగాడు. నీళ్ల లోపల నుంచి చూస్తే పైన మొగులు, ఆకాశం ఎలా కనబడతాయని అడిగాడు. వచ్చి చూసుకో అన్నాను. పెరుగు కలుపుకున్నాడు. అనిత తల వంచుకొని నవ్వుతోంది.

చెయ్యి కడుక్కొని వచ్చి నా దగ్గర నిలబడ్డాడు. తన బొజ్జ మీద చెయ్యి పెట్టుకొని.

"అమ్మా... గా బెండ్లు నన్ను మోస్తయా?"

ఏమో. ఆపాను అడగాలి.