మీ అమ్మకు ఆట చెబుతున్నాను

అమ్మా కియోనా,

డెట్రాయిట్ నుంచి నాన్న దీవెనలు. మేమిద్దరం తింటున్నాం, తిరుగుతున్నాం, పోట్లాడుకుంటున్నాం. అంటే ఇల్లు ఇల్లులాగే ఉంది. పోలండ్‌లో చలి ఎలా ఉందో గాని, ఇక్కడ వాకిట్లో మంచు మోకాలిదాకా పడింది. రోస్కో మామయ్య సాయం చేస్తానని వచ్చి, నాలుగు పారలు ఎత్తి, నడుం పట్టుకుని లోపలికెళ్లి కూచున్నాడు. మిగతాదంతా నేను ఎత్తిపోసేలోపు మీ అమ్మ చేసిన మొక్కజొన్న రొట్టె సగం ఖాళీ.

నీ ఉత్తరం అందింది. రోజూ ఫోనులో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరాలేమిటని నీ జట్టు పిల్లలు నవ్వుతున్నారని రాశావు. నవ్వనీ. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల ఉత్తరాలన్నీ మోసినవాణ్ని, నా కూతురికి ఒకటి రాసుకోకపోతే ఎలా?

అడిగినవాటికి జవాబులు చెబుతాను. వంటింట్లో పైపు బాగుచేయించాం. చర్చికి కొత్త పాస్టరు వచ్చాడు. మంచివాడే, కాని ప్రసంగం మొదలుపెడితే ఆపడం మరిచిపోతాడు. ఇక నీ పెద్ద ప్రశ్న. బాస్కెట్‌బాల్‌లో నీలాగా బంతి తెచ్చి ఆట నడిపే పాయింట్ గార్డుల్లో అమ్మకి బాగా ఇష్టమైన ఐదుగురెవరో వరసగా అడిగి రాయమన్నావు. అందులో నువ్వెక్కడున్నావో కూడా రాయమన్నావు. అడిగాను తల్లీ. అడిగిన పాపానికి నా శనివారమంతా పోయింది.

"మొదటివాడు ఐజయా థామస్. ఇది కూడా అడగాలా?" అంది. ఆ వెంటనే మన డెట్రాయిట్ జట్టు ఆడిన ఎనభై ఎనిమిది ఫైనల్స్ కథ మొదలైంది. చీలమండ మెలికపడి, కుంటుతూ, ఒక్క మూడో క్వార్టరులోనే ఇరవై ఐదు పాయింట్లు కొట్టిన సంగతి.

"ఆ ఆట ఓడిపోయాం కదా?" అన్నాను నేను.

"బావా, నీకు బతకాలని ఉందా లేదా?" అన్నాడు రోస్కో.

రెండు, మ్యాజిక్ జాన్సన్. మనవాళ్లను ఓడించిన జట్టువాడు కదా అంటే, "లాన్సింగ్ పిల్లాడయ్యా. మన మిషిగన్ నీళ్లు తాగి పెరిగినవాడు లాస్ ఏంజెలెస్‌కి ఆడినంత మాత్రాన పరాయివాడైపోతాడా?" అంది. మూడు, మగ్సీ బోగ్స్. అక్కడ రోస్కో కుర్చీలోంచి లేచాడు.

"ఐదడుగుల మూడంగుళాల మనిషిని తీసుకెళ్లి స్టాక్టన్ పైన కూచోబెడతావా అక్కా? అన్నేసి పాస్‌లిచ్చినవాడు ఇంకొకడు పుట్టలేదు!"

"లెక్కలు నువ్వే ఉంచుకో. అందరి మోచేతుల కిందనుంచి దారి వెతుక్కుంటూ ఆడాడు వాడు. నా కూతురూ పొట్టిదే."

తమ్ముడు అలిగి వెళ్లిపోతాడని నాలుగో చోటు స్టాక్టన్‌కిచ్చింది. ఐదు, డాన్ స్టేలీ. ఆవిడ బొమ్మ ఇంకా నీ గది గోడమీదే ఉంది, తీయనివ్వదు. మరి కియోనా సంగతేమిటని అడిగాను.

"దాన్ని ఈ వరసలో పెట్టను. వీళ్లయిదుగురూ ఆడుతుంటే కుర్చీలో కూచుని చూశాను. అది ఆడుతుంటే నేను కూచోలేను" అంది.

చూడటం అన్న మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెబుతాను. ఇంకో కబురు రాసి, ఇంకో కబురు రాసి, దీన్ని వెనక్కి నెట్టాలనే ఉంది నాకు.

మీ అమ్మకి చూపు పోతోంది తల్లీ. నువ్వు వెళ్లిన నెలలోనే మొదలైంది. కిటికీ చట్రం వంకరగా కనిపిస్తోందంది. తరవాత చర్చి పాటల పుస్తకంలో అక్షరాలు చెరిగిపోయాయంది. కంటి మధ్యలో చూపు కరిగిపోయే జబ్బట. అంచుల్లో చూపు మిగులుతుంది. నెలనెలా కంట్లో సూది వేస్తున్నారు. అది జబ్బును నెమ్మదింపజేస్తుందే గాని, పోయింది తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పింది. గుమ్మంలో ఎవరో నిలబడ్డారని తెలుస్తుంది, మొహం కనపడదు. గొంతు వినాలి. టీవీలో జనం కనిపిస్తారు, బంతి కనిపించదు.

నీకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. "లెమ్, తెలిస్తే అది బట్టలు సర్దుకుని వచ్చేస్తుంది. అది కాళ్లు నిలదొక్కుకుంది అక్కడే" అంది.

అప్పటినుంచి నేనే పక్కన కూచుని ఆట చెబుతున్నాను. బేస్‌బాల్ తప్ప ఇంకేదీ ఆటే కాదనేవాణ్ని! మొదటి రోజు, "పొడుగువాడు బట్టతలవాడికి ఇచ్చాడు" అన్నాను.

"అందరూ పొడుగువాళ్లేనయ్యా! ఎటు చూస్తూ ఇచ్చాడు?"

"ఎటు చూస్తేనేం, ఇచ్చాడు కదా."

"అదే కదా ఆట!" అని తల పట్టుకుంది.

బంతిని చూడొద్దని, బంతి తెచ్చేవాడి కళ్లు, భుజాలు చూడమని నేర్పింది. చూడగా చూడగా నాకూ కొంచెం పట్టుబడింది. వాడు ఇటు చూశాడంటే బంతి అటు వెళ్తుందని ఇప్పుడు ముందే చెప్పేస్తున్నాను. రోస్కో ఒకరోజు తాను చెబుతానన్నాడు గాని, వాడు చెప్పడు, అరుస్తాడంతే. నువ్వు ఫోను చేసి, "ఆ పాస్ చూశావా అమ్మా?" అంటే, చూశానని నీకు వర్ణించి చెబుతుందే, అవన్నీ నా మాటలే.

పోయిన ఆదివారం మధ్యాహ్నం నీ ఆట కంప్యూటరులో పెట్టాను. నువ్వు బుట్ట కిందికి దూసుకెళ్లావు. అవతలి జట్టులోని ఆ భారీ పిల్ల నీమీద పడింది. నువ్వు మోకాలు పట్టుకుని కింద పడి ఉండిపోయావు. నా నోరు దానంతటదే ఏదో చెప్పేసింది.

"ఆట ఆపారు. మన పిల్ల బెంచీ దగ్గర నీళ్లు తాగుతోంది."

మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "హాలు ఎందుకింత నిశ్శబ్దంగా ఉంది లెమ్?"

"విరామం కదా."

"విరామంలో అక్కడ డప్పులు వాయిస్తారు. అది కింద పడి ఉందా?"

"మోకాలు పట్టుకుంది" అన్నాను.

"చెప్పు. ఏ కాలు?"

"ఎడమది."

"లేచిందా?"

"ఇద్దరు లేపుతున్నారు. కాలు మోపడం లేదు."

మళ్లీ నువ్వు ఆటలోకి వచ్చినప్పుడు, "కుంటుతోందా?" అంది. కుంటుతోందనే చెప్పాను. చివరి దాకా ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. ఆట అయ్యాక తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"డాక్టరమ్మ చెప్పిన రోజున కూడా ఇంత భయపడలేదు లెమ్. నువ్వు చెప్పేది నిజమో కాదో తెలియలేదు చూడు, అప్పుడు నిజంగా గుడ్డిదాన్నయ్యాను" అంది.

ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో నీకు వేరే చెప్పక్కర్లేదు. చాలాసేపటికి, "మరి మనం పిల్లకి చేస్తున్నదేమిటి ఎర్లీన్?" అన్నాను. మీ అమ్మ లేచి గిన్నెలు తడిమి తడిమి కడిగింది. మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర, "రాయి. అంతా రాయి. రావద్దని కూడా రాయి" అంది.

కాబట్టి రావద్దు. మీ జట్టుతో రెండో ఏడాదికి సంతకం పెట్టనా అని అడిగావు కదా, పెట్టమంటోంది. ఆటల కాలం అయిపోయాక వసంతంలో రా, కొన్నాళ్లు ఉండి వెళ్లు. ఇక్కడ మా పనులు జరిగిపోతున్నాయి. పొయ్యి మీటల మీద గరుకు పట్టీ అంటించాను, వేలితో తడిమి చూసి వండుకుంటుంది. చర్చిలో పాటలు పుస్తకం లేకుండానే పాడుతోంది. అప్పుడప్పుడు స్నానాల గదిలో కుళాయి విప్పి ఏడుస్తుంది. నేను తలుపు బయట నిలబడి, బయటికొచ్చాక ఏమీ ఎరగనట్టు కాఫీ ఇస్తాను. అదీ నీకు దాచడం లేదు.

ఆ ఆదివారం సాయంత్రమే నువ్వు ఫోను చేసి, "ఊరికే జారాను, ఏమీ లేదు" అన్నావు. సరే తల్లీ అని మీ అమ్మ ఫోను పెట్టేసి, "అబద్ధమాడేటప్పుడు నీలాగే గొంతు పెంచుతుంది" అంది నాతో. మా సంగతి ఉన్నదున్నట్టు రాశాం. ఇప్పుడు నువ్వు రాయి. మోకాలికి స్కానింగ్ తీయించావా? ఏమన్నారు? ఎంత చెడ్డ కబురైనా సరే. నీ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించేది నేనే. ఒక్క అక్షరం మింగను.

ఇట్లు,
మీ అమ్మ పక్క కుర్చీలోంచి,
నాన్న