సీతమ్మను అక్కడే వదిలేసి

నవంబరు 3, సోమవారం

వేదిక మీద తప్ప నాకు గొంతు పెంచడం రాదు. ఇంట్లో అరిస్తే నాకే అసహ్యం. జపానికి కూర్చుంటే సుజాత మీద కోపమే తిరుగుతోంది. దేవుడి ముందు పెట్టే వస్తువు కాదది. అందుకే ఈ పుస్తకం. ఇందులో పెడతాను.

హరికథలకు పిలుపులు తగ్గాయి... మోకాలు కూడా మొరాయించింది. కిందటేడు, కథకు ముందు నాన్నగారు వేసుకునే గొంతుపొడి — కరక్కాయ, మిరియాలు, అతిమధురం దంచింది — సీసాల్లో పోసి అమ్మడం మొదలుపెట్టాం. నేనూ, మా అక్క కూతురు సుజాతా. తర్వాత నలుగుపిండి, కషాయం. పేరు గళసిరి. లైఫ్‌స్టైల్ బ్రాండ్ అంటుంది సుజాత. నా లైఫ్‌స్టైల్ ఏముంది? తెల్లవారుజామున దీపం, ఒంటిపూట భోజనం. అదీ సీసాలో పోస్తుందేమో.

నవంబరు 4

అసలు సంగతి రాయడానికి నిన్న చేయి రాలేదు.

"గజ్జె కట్టి, దండేసుకుని అశోకవనం సెప్పు పిన్నీ, ఫోన్లో తీస్తాను" అంది సుజాత. ఒకటే అడిగాను. హనుమ ఉంగరం ఇచ్చేదాకా, మంగళం దాకా ఉంచాలని. సరే అంది.

వీడియో చూశాను. సీతమ్మ తన జడనే మెడకు చుట్టుకోబోయే పద్యం. అక్కడ కోసేసింది. వెంటనే సుజాత గొంతు — "మనసు బరువుగా ఉందా? గళసిరి కషాయం!"

ఆ తల్లి ప్రాణం తీసుకోబోతుంటే... కషాయం!

నవంబరు 5, పౌర్ణమి

ఉపవాసం. దీపాలు పెట్టాను. ఒక్కటీ మనసుతో పెట్టలేదు.

నవంబరు 6

కళింగపట్నం నుంచి తాతబాబు మావ ఫోన్. నాన్నగారికీ నాకూ మృదంగం వాయించిన మనిషి. మనవరాలు ఆ వీడియో చూపించిందట.

"అమ్మా, సీతమ్మనలగ ఒగ్గీసినావేటమ్మా?"

నేను కాదు మావా అన్నాను.

"గొంతు నీదే గదా."

ఒకసారి అశోకవనం కథ మధ్యలో గాలివానకు పందిరి లేచిపోయింది. జనం అరుగుల మీదికి పరుగు. మావ మృదంగాన్ని పంచెలో చుట్టేసి చేత్తో తాళం వేస్తుంటే, నాన్నగారు తడుస్తూనే ఉంగరం దాకా చెప్పారు. ఆ పద్యం ఎత్తుకున్నాక సీతమ్మను అక్కడ వదిలి వేదిక దిగకూడదు. మా ఇంటి పద్ధతి. ఇప్పుడు ఊరూరా ఫోన్లలో ఆవిడ అక్కడే...

నవంబరు 8

సుజాతను అడిగాను. మెల్లగానే.

"తీసెయ్యమ్మా."

"ఉంగరం దాకా ఎవులు సూస్తారు పిన్నీ? బొటనేలుతో జరిపేస్తారు."

"మాటిచ్చావు."

"ఇచ్చినాను. ఇది సూసే గదా ఆర్డర్లు వస్తన్నాయి. పొడి దంచేవోళ్లకి పని దొరికినాది. ఇప్పుడు తీసీమంటే ఏటి సేసేది? నీకు దేవుడున్నాడు. నాకు ఈ బేరమే ఉన్నాది."

చివరి మాట నిజం. నిజమైనందుకు ఇంకా మండుతోంది.

నవంబరు 9

తీయలేదు.

నవంబరు 10, సోమవారం

పూజ కాగానే గజ్జె కట్టాను. బంతిపూల దండ వేసుకున్నాను. పొడి దంచే వరండాలో నిలబడ్డాను. రోకళ్లు ఆగాయి. సుజాత ఫోన్ ఎత్తబోయింది. చూశాను. దించేసింది.

మిగిలిన కథ చెప్పి సీతమ్మకు ఊరట ఇద్దామని.

ఉంగరం దగ్గర కరుణ పలకాలి. కోపం పలికింది. మళ్లీ ఎత్తుకున్నాను. మళ్లీ అదే. హనుమ మాటలు రావణుడి గొంతుతో వస్తున్నాయి.

రోకలి పక్కనపెట్టి అప్పలనరసమ్మ అంది — "అమ్మా, ఆ తల్లి ఇంకా బెదిరిపోతాది. కూసోండి, నీల్లు తాగండి."

ఎవరూ నవ్వలేదు. ఆపేశాను. కోపంతో మంగళం పాడకూడదు.

ఈసారి వదిలేసింది నేనే.

దండ ఇంకా మెడలోనే ఉంది. మంగళం కాకుండా తీయను. తలుపు బయట సుజాత — "పిన్నీ... అన్నం తింతావా?" మళ్లీ, "ఆ వీడియో తీసీస్తాన్లే. రెండ్రోజులాగు."

రెండ్రోజులు!

ఈ పేజీలు ఎవరి చేతికి దొరికినా చింపకండి, ఉంచండి. ఎవరికీ చూపకండి. కథ ఇంకా సగంలోనే ఉంది. సగంలో చూపించబట్టే ఇదంతా...