ఎర్రకాళ్ళ కొంగల లెక్క

చెల్లీ,

నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? మెట్ల దగ్గర జాగ్రత్త. ఇది చదివి చించెయ్యి, ఎవరి కంటా పడనీకు.

నీటికాసులొచ్చి మీ బావకి చూపు పోయిందని తెలుసుగా. గార్డు ఉద్యోగం అయిపోయినా, కళ్ళు పోయినా, ఫారెస్టు ఆఫీసుకిచ్చే పక్షుల లెక్క మాత్రం మానలేదు. తెల్లారగానే నా భుజం పట్టుకుని మడుగు ఒడ్డున మంచె ఎక్కుతారు. దుర్భిణిలో చూసి చెప్పేది నేను, పుస్తకంలో రాసేదీ నేనే. పెద్ద రాతేం కాదులే, పక్షి పేరు ఎదురుగా అంకె వేయడమే.

ఈ ఏడు ఎర్రకాళ్ళ కొంగలు రాలేదే. మడుగు ఎండిపోతోంది. మొదటి రోజు ఆయన చిన్నపిల్లాడిలా "వచ్చాయా?" అన్నారు. నోరు జారి "నలభై వచ్చాయండీ" అన్నాను. ఆ మొహం వెలిగిపోయింది. అంతే, ఇక రోజుకో అబద్ధం. గూళ్ళు కట్టించాను, గుడ్లు పెట్టించాను, మొన్న పిల్లల్ని కూడా పొదిగించాను!

సోమవారం ఆఫీసరు పుస్తకం తీసుకెళ్తాడు. కొంగలు రాలేదంటే నీళ్ళు చాలలేదని కాలవ తూము ఎత్తి మడుగులోకి నీళ్ళు వదులుతారు. నా నలభైలు చూస్తే ఎందుకెత్తుతారు? చెబితే ఈయనేమైపోతారో, చెప్పకపోతే మడుగేమైపోతుందో.

నీ అక్క


చెల్లీ,

పోయిన ఉత్తరం చించావా?

చెప్పేశాను. ఆదివారం మంచె మీదే, ఆయన కాళ్ళు పట్టుకుని. "ఒక్క కొంగా లేదండీ."

నన్ను లేపి పక్కన కూర్చోబెట్టుకున్నారు. "పిచ్చిదానా, అన్ని పిల్లలుంటే ఆ గోలకి చెవులు చిల్లులు పడాలి. నాకు పోయింది కళ్ళేగా," అన్నారు.

"తెలిసీ ఊరుకున్నారా?"

"నువ్వు చెబుతుంటే కొంగలు నాకు కనిపించేవే. ఇంకొక్కరోజు, ఇంకొక్కరోజు అనుకున్నా."

ఆ చూపులేని కళ్ళ నిండా నీళ్ళు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఏడవడం చూడలేదు నేను.

తర్వాత పుస్తకం తీయించి, నలభైలన్నీ కొట్టించి, సున్నాలు పెట్టించారు. "గుండ్రంగా పెట్టవే, ఆఫీసరు ఆరనుకుంటాడు" అన్నారు నన్ను నవ్వించాలని. నవ్వు రాలేదు.

తూము ఎత్తారు. కానీ కాలం దాటిపోయింది, ఈ ఏటికి కొంగలు రావు. పొద్దున్న "ఏముంది?" అన్నారు. "నీళ్ళొస్తున్నాయండీ" అన్నాను.

"నిజంగానా?"

ఇదివరకెప్పుడూ ఆ మాట అడగలేదు చెల్లీ. మంచె దిగి, బురదలో నడిచి, దోసిట్లో నీళ్ళు పట్టుకొచ్చాను. మెట్లెక్కేసరికి సగం కారిపోయాయి. మిగిలినవి ఆయన అరచేతిలో పోశాను.

నీ అక్క