క్యాప్సూల్ ఆపిన తేదీ

10 ఫిబ్రవరి 2024, ఉదయం 6.40

తనుశ్రీకి ఈ రోజు పది నోటి లెక్కలు ఇచ్చాను. పన్నెండు నిమిషాలు. నాలుగు తప్పులు. ఇరవై మూడేళ్ల మనవరాలు, బీకాం చదివింది, ఆగస్టులో బ్యాంకు పరీక్ష రాస్తుందట. పదిహేడు ఎనిమిదులు ఎంత అంటే ఫ్యాను వైపు చూస్తుంది. బరువు నూట ఇరవై ఒక్క కిలోలు. ఎల్లుండి చెన్నైలో సర్జరీ. కడుపులో మూడొంతులు కోసి పారేస్తారట. నోరు కట్టుకోవడం చేతకాని వాళ్ల కోసం ఇప్పుడు కత్తులు వచ్చాయి. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన నా ఇంట్లోనే ఇది.

బరువు తగ్గితే బుర్ర కూడా చురుకవుతుందని సర్జన్ అన్నాడని కోడలు దేవసేన మురిసిపోతూ చెప్పింది. కోసేది కడుపును, బాగుపడేది బుర్ర. బడిలో ఎవడైనా ఇలా రాసి ఉంటే సున్నా వేసేదాన్ని.

12 ఫిబ్రవరి

ఆపరేషన్ గంటా నలభై నిమిషాలు పట్టింది. బయట బెంచీ మీద కూర్చున్నాను. పిల్ల బతికి వస్తే జూలైలో వచ్చే ఆడి కృత్తిక పండక్కి తిరుత్తణి కొండకు దాని చేత పూలకావడి ఎత్తిస్తానని మొక్కుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

20 ఏప్రిల్

తొంభై ఎనిమిది కిలోలు. లెక్కలు ఆరు నిమిషాలు, ఒక తప్పు. మధ్యాహ్నపు నిద్ర మానేసింది.

నా కొడుకు మురళి ఆత్తిపట్టు పవర్ స్టేషన్‌లో షిఫ్టు ముగించుకుని తిరువళ్లూరు వచ్చాడు. కూతురి తెలివికి మెచ్చి సర్జన్‌కి స్వీట్ డబ్బా తీసుకెళ్తాడట. బరువు తగ్గించే డాక్టరుకు స్వీట్లు. రోజూ ఆరింటికి లేపి కూర్చోబెట్టింది నేను. ఆ సంగతి వాడికి తట్టదు.

5 జూన్

నాలుగు నిమిషాల పది సెకన్లు. తప్పులు లేవు. పైగా ఏడో లెక్కకు నేను రాసి పెట్టుకున్న జవాబే తప్పంది. మళ్లీ వేసి చూశాను. తప్పే.

"వయసైపోయిందిలే అవ్వా, నీక్కూడా ఒక సర్జరీ చేపిస్తాము" అంది.

నవ్వు కనబడకుండా పుస్తకం మూసేశాను.

11 జూన్

రేపటి నుంచి తనుశ్రీకి కావడి మొక్కు కోసం నలభై ఎనిమిది రోజుల వ్రతం. ఒంటిపూట భోజనం, మాంసం లేదు. మామూలు రోజుల్లో నాకు పట్టింపు లేదు, ఆదివారం కోడికూర వండే ఇల్లే. కానీ వ్రతమంటే వ్రతం.

తనుశ్రీ రోజూ మింగే విటమిన్ క్యాప్సూల్ సీసా మీది చిన్న అక్షరాలు భూతద్దం పెట్టి చదివాను. జెలటిన్. పశువుల ఎముకలూ తోళ్లూ ఉడకబెట్టి తీసేది. ఇంతమంది చదువుకున్న ఇంట్లో ఒక్కరికీ ఇది కనబడలేదు. సీసా బీరువాలో పెట్టి తాళం వేశాను. డాక్టరును ఒక మాట అడిగి ఆపుదామని దేవసేన గొణిగింది. అడిగితే ఆపమంటారా? సీసాలు అమ్ముడుపోవాలి కదా. మా అమ్మ డెబ్భై తొమ్మిదేళ్లు ఒక్క విటమిన్ మాత్ర మింగకుండా బతికింది.

27 జూన్

తినేది ఒక్కపూట. అది కూడా నిలవడం లేదు. ఈ రోజు మూడు వాంతులు. విస్తట్లో పెట్టింది వదలకూడదని పక్కన కూర్చుని తినిపించాను. కక్కింది. అంతా మొండితనం.

9 జూలై

ఏడు నిమిషాలు. రెండు తప్పులు. ఫోను పిచ్చి.

18 జూలై

పదకొండు నిమిషాలు. ఐదు తప్పులు. అక్షరాలు రెండేసి కనిపిస్తున్నాయట. పరీక్ష దగ్గరకు వచ్చేసరికి కళ్లు పోయే పిల్లలను ముప్పై నాలుగేళ్లు చూశాను. కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్తానని మురళి లేచాడు. కృత్తిక అయ్యాక చూద్దాం కూర్చో అన్నాను. కూర్చున్నాడు.

24 జూలై

గోడ పట్టుకుని నడుస్తోంది. నిన్న ఏం చేశావని దేవసేన అడిగితే, శోళవరంలో స్నేహితురాలి పెళ్లికి వెళ్లొచ్చానని, అక్కడ పాయసం బాగుందని చెప్పింది. నిన్నంతా ఇంట్లోనే ఉంది. అబద్ధం, దానికి పాయసం కూడా. చెంప మీద ఒకటి వేశాను. ఎందుకు కొట్టానో తెలియనట్టు చూసింది.

30 జూలై, చెన్నై ఆసుపత్రి

నిన్న తిరుత్తణిలో తనుశ్రీ భుజానికి పూలకావడి ఎత్తాము. కొండకు మూడు వందల అరవై ఐదు మెట్లు. అరవై కూడా ఎక్కకముందే ఆగిపోయింది. వెనక జనం తోస్తున్నారు.

"అవ్వా, ముందర రెండు దోవలుండాయి. మనది యాది?"

నటించింది చాలు, నడవమన్నాను. నడిచింది. నాలుగు మెట్లు. కావడితో సహా పడింది. పూలు తొక్కుకుంటూ జనం వెళ్లిపోయారు. మురళి ఎత్తుకుని దిగాడు. తిరుత్తణి ఆసుపత్రిలో చూసిన వాళ్లు అంబులెన్సులో ఇక్కడికి పంపారు.

ఇక్కడి డాక్టరు నా వయసులో సగం కూడా లేదు. వాంతులు ఎప్పటి నుంచి, నడక ఎప్పుడు మారింది అని అడిగింది. మురళి పది రోజులన్నాడు. దేవసేన నెల అంది. అంచనాలు నాకు పడవు. చేతిసంచిలోంచి ఈ డైరీ తీసి తేదీల వారీగా చదివాను. వాంతులు, నిమిషాలు, తప్పులు, పెళ్లి, పాయసం. ఆమె రాసుకుంటూ, ఇంత కచ్చితంగా చెప్పే వాళ్లను చూడలేదంది. విటమిన్లు సక్రమంగా వేసుకుంటోందా అని అడిగింది.

దేవసేన నా వైపు చూడలేదు. జూన్ పదకొండు పేజీ తిప్పి అది కూడా చదివాను. సీసాలు అమ్ముడుపోవాలి అన్న వాక్యంతో సహా.

బి వన్ అనే విటమిన్‌ను శరీరం కొద్ది వారాలకు సరిపడా మాత్రమే దాచుకుంటుందట. కడుపు కోయించుకున్న వాళ్లు తిండి తగ్గించి, వాంతులు చేసుకుని, మాత్ర కూడా మానేస్తే మెదడు దెబ్బతింటుందట. పెళ్లి అబద్ధం కాదట. జ్ఞాపకం లేని చోటును మెదడే ఏదో ఒకటి పెట్టి పూడ్చుకుంటుందట. చూపు వస్తుంది, నడక వస్తుంది, జ్ఞాపకం సంగతి చెప్పలేమంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే జవాబు చెప్పేదాన్ని.

6 ఆగస్టు

ఇంజెక్షన్లతో చూపు సరయింది. తనకేమైందని పొద్దున నన్నే అడిగింది. క్యాప్సూల్ ఆపింది నేనే అని చెప్పాను. గోడ వైపు తిరిగి ఏడ్చింది. భోజనమయ్యాక మళ్లీ అడిగింది.

19 ఆగస్టు

ఇంటికి తెచ్చి ఐదు రోజులు. రోజూ పొద్దున అడుగుతుంది. రోజూ చెప్తాను. రోజూ అప్పుడే విన్నట్టు వింటుంది. నిన్న నన్ను ముసలి రాక్షసి అంది. ఈ రోజు నా చెయ్యి పట్టుకుని,

"పోనీలే అవ్వా, నా మంచికే కదా చేసినావు" అంది.

మధ్యాహ్నానికి ఆ మాట దాని దగ్గర లేదు.

జ్వరం వచ్చి ఇలా అయిందని చెప్పమ్మా, రోజూ పిల్లను ఏడిపించడం ఎందుకు అంటాడు మురళి. పిల్ల లెక్క అడిగితే తప్పు జవాబు ఇవ్వాలట నేను. వెధవ.

24 ఆగస్టు

ఈ రోజు బ్యాంకు పరీక్ష. దానికి గుర్తు లేదు.

21 సెప్టెంబరు

తొమ్మిది నిమిషాలు, మూడు తప్పులు. లెక్కలు తిరిగి వస్తున్నాయి, రోజులు రావడం లేదు. ఈ రోజు చెప్పిన మాట రేపటికి నిలిస్తే మెదడు కోలుకుంటున్నట్టేనని డాక్టరు అంది. నిలిచిన రోజు ఫోన్ చేయమంది. మెదడును కొలవడానికి ఇంత చదివి, ఆఖరికి ఫోన్ చేయమంటున్నారు.

పొద్దున అడిగింది. చెప్పాను.

3 అక్టోబరు, ఉదయం 6.15

ఈ రోజు అడగలేదు.

పాల గ్లాసు ఇచ్చాను. అందుకోలేదు. చాలాసేపు నా ముఖం చూసి, వాళ్ల అమ్మను పిలిచింది.

డాక్టరుకు ఫోన్ చేసి, నిలిచిందని చెప్పాను.