కలుపు పాటలో ఒంటి గొంతు

జహీరాబాద్,
ఆదివారం.

చిరంజీవి పూజకు,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అమ్మా, నేనూ బాగానే ఉన్నాము. సోలాపూర్‌లో నీకు ఎలా ఉందో, దవాఖానలో డ్యూటీలు ఎలా సాగుతున్నాయో రాయి. అమ్మ మోకాలి సంగతి అడిగావు. మందులు వాడుతోంది, కాస్త నయం.

మన పాటల ఆల్బం గురించి ఎవరైనా చెడ్డగా రాశారా అని అడిగావు. ఎవరూ రాయలేదు. అమ్మ పాడే కన్నడ మాటలను తెలుగు పాటల్లో అలాగే ఉంచినందుకు బీదర్ పత్రికవాళ్లు మెచ్చుకున్నారు. హైదరాబాద్ వారపత్రికలో అమర్నాథ్ గారు ఏకంగా ఒక పేజీ రాశారు. ఈ అక్కచెల్లెళ్లు పాటకు సింగారాలు చెయ్యలేదు, చేలో విన్నట్టే వినిపించారు అన్నారు. మూడో పాటలో డప్పు మాటలను మింగేసిందట. అది నిజమే. న్యాల్‌కల్‌లో చెన్నమ్మ పెద్దమ్మ మాత్రం ఒక్కసారి విని, మనం ఒక వరుస వదిలేశామని పట్టేసింది.

ఫోన్లో చెప్పడానికి నోరు రాక రాస్తున్న మాట ఒకటుంది. అమర్నాథ్ గారు అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకున్నది కలుపు పాట చివర, వాయిద్యాలు ఆగాక వినిపించే ఒంటి గొంతును. అది విన్నాక చాలాసేపు మరో పాట వినబుద్ధి కాలేదని రాశారు. ఆ గొంతు నీది. ఆయన నా పేరు వేశారు. అందుకే ఆ పత్రిక నీకు పంపలేదు. వారం రోజులు మన దుకాణానికి వచ్చినవాళ్లంతా పొగుడుతుంటే తల ఊపాను. చిన్నప్పటినుంచి పాట అనగానే అందరూ నిన్నే పిలిచేవారు. ఒక్కసారి నన్ను పిలిచినట్టు అనిపించింది.

తర్వాత ఇక్కడి కాలేజీలో మనిద్దరికీ సన్మానం పెట్టారు. నీకు సెలవు దొరకలేదని చెప్పాను. నిజానికి నిన్ను అడగనేలేదు. సభకు అమర్నాథ్ గారూ వచ్చారు. ఆ చివరి చరణం పాడమన్నారు. మైకు ముందుకు వెళ్లి నిలబడ్డాను. ముందు వరుసలో అమ్మ నావైపు చూడకుండా కొంగు సర్దుకుంటోంది.

"అది నా గొంతు కాదు సార్. మా చెల్లె పూజది. మీరు పొరపాటున రాసిన్రు, నేను తెలిసి ఊకున్న," అన్నాను.

ఆయన కోప్పడలేదు. "మరి నీ గొంతు ఏడుందమ్మా?" అని అడిగారు. పాట మొదటినుంచి నీ గొంతు కింద సన్నగా వినిపించేదే నాదని చెప్పాను. అదే పాడమన్నారు. నువ్వు పక్కన లేకుండా, నా వరుస ఒక్కటే ఎత్తుకున్నాను. సగంలో అమ్మ కూర్చున్నచోటి నుంచే నీ వరుస అందుకుంది. పదిమందిలో అమ్మ పాడగా నేను వినడం అదే మొదలు.

ఆటోలో ఇంటికొస్తూ అమ్మ ఒకే మాట అంది. "పూజకు నువ్వే చెప్పాలె. నేను చెప్ప."

ఈరోజు పత్రికలో సవరణ వేశారు. కత్తిరించి దీనితో పంపుతున్నాను. నా పేరున్న చోట నీ పేరు చూసినప్పుడు మనసుకు గుచ్చుకోలేదని రాస్తే అది మరో అబద్ధం అవుతుంది. కానీ ఆ తర్వాత పాట పెట్టుకొని నీ చరణం విన్నాను, ఎవరో తెలియని మనిషి పాడుతుంటే విన్నట్టు. పూజా, ఆయన రాసింది తక్కువే.

కోపం వస్తే కోపంగానే రాయి. రాయకుండా మాత్రం ఉండకు.

ఇట్లు,
నీ అక్క
త్రివేణి