దున్న ఎడమ చక్రం

మార్చి 3

ప్రియమైన చెల్లికి,

ప్రియం సంగతి ఎలా ఉన్నా ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలి కాబట్టి పెట్టాను. ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా కుట్టుమిషన్ చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదవకుండా చించి పారేస్తే నీ ఇష్టం.

దున్నని మళ్లీ లేపుతున్నాను. అవును, నాన్న దున్న అని పేరు పెట్టుకుని కొండదారుల్లో తిప్పిన ఆ బండినే. దాన్ని తయారుచేసిన కంపెనీ మూడేళ్లు బండ్లు చేసి మూతపడింది. ఇప్పుడు ఎక్కడెక్కడ వెతికినా పది బండ్లకి మించి లేవట. పందొమ్మిదేళ్లుగా షెడ్డు మూల టార్పాలిన్ కింద పడి ఉంది. ఏడేళ్ల నుంచి సామాను పోగేస్తున్నాను. గేరుబాక్సులో పళ్లచక్రం ఒకడి పిండిమరలో తిరుగుతుంటే పట్టుకున్నాను. ముందు ఇరుసుని ఇంకొకడు కోళ్లగూటికి దూలంగా వేసుకున్నాడు. వాడు సరే అన్నాడు గానీ కోళ్లు ఒప్పుకోలేదు, చేతులు రెండూ పొడిపించుకుని తెచ్చాను.

ఇక మిగిలింది ఒక్కటే. వెనక ఎడమ హబ్, చక్రం కూర్చునే ఆ ఇనపదిమ్మ. అది ఎక్కడా దొరకదు, ఎందుకంటే అది నీ దగ్గరుంది. చక్రం ఊడి బండి తిరగబడ్డ మర్నాడు నువ్వు ఆ రాళ్లలోకి దిగి ఏరుకొచ్చావని నాకు తెలుసు.

బండి తిరగబడ్డ రోజు పొద్దున చక్రాల నట్లు చూసింది నువ్వు. ఊడింది నువ్వు చూసిన చక్రమే. నాన్న కాలు బండి కింద నలిగింది, పదకొండేళ్లు కుర్చీలో కూర్చుని కూర్చుని పోయాడు. కొత్తగా చెప్పేదేమీ లేదు. కనీసం ఆ ముక్కైనా పంపి కొంత పాపం కడుక్కో.

అన్నయ్య

మార్చి 15

ప్రియమైన అన్నయ్యకి,

నువ్వే పెట్టావు కాబట్టి నేనూ పెడుతున్నాను.

పందొమ్మిదేళ్లకి ఒక ఉత్తరం రాశావు. అందులో వదిన ఎలా ఉందో లేదు. నేను ఎలా ఉన్నానో అడగలేదు. హబ్ గురించి అడిగావు. హబ్ కులాసా. నూనెగుడ్డలో చుట్టుకుని, నా కుట్టుగది అలమరా అడుగు అరలో హాయిగా పడుకుంది. నాకే అంత సుఖం లేదు. ఈ వారం నర్సుల కోట్లు కుడుతున్నాను, ఒక్కో కోటుకి మూడు జేబులు. జేబులు కుట్టీ కుట్టీ వేళ్లు వంకర్లు పోతున్నాయి.

ఈ వేళ్లు ఒకప్పుడు ఏం చేసేవో నీకు గుర్తులేకపోతే నేను చెబుతాను. కార్బొరేటర్ విప్పి కళ్లు మూసుకుని మళ్లీ బిగించేవి. నువ్వు గంట తిట్టుకుంటూ పట్టించలేని ఇంజను టైమింగ్ నేను పావుగంటలో పట్టించేదాన్ని. నాన్న నవ్వేవాడు, నువ్వు మొహం ముడుచుకునేవాడివి. అసలు మంట అక్కడే మొదలైందని నా అనుమానం.

నాన్నని ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజు షెడ్డులో అందరి ముందు నా చేతిలో పానా లాక్కుని, "ఇంకోసారి ఇనుము ముట్టుకుంటే చేతులు విరిచేస్తా" అన్నావు. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. నెల తిరక్కుండా ఇల్లు వదిలేశాను. మళ్లీ పానా పట్టలేదు.

హబ్ కావాలా? ఒక్క పని చెయ్యి. "నిన్ను క్షమించాను" అని కాగితం మీద రాసి, వదినకీ షెడ్డులో వాళ్లకీ గట్టిగా చదివి వినిపించి, నాకు పంపు. నాన్న నోట ఆ మాట వినలేకపోయాను. ఆయన "పోనీలే" అన్నాడు. పోనీలే అంటే క్షమించడం కాదు. ఆ మాట ఇప్పుడు చెప్పగలిగేది నువ్వొక్కడివే, నా ఖర్మ.

చెల్లి

మార్చి 24

ప్రియమైన చెల్లికి,

బేరం బాగుంది. నాన్న బండి సామాను దాచుకుని, దానికి బదులు నాన్న తరఫున నన్ను క్షమించమంటున్నావు. క్షమించడమంటే కోటు జేబు కాదు, కొలత ఇచ్చి కుట్టించుకోవడానికి. లోపల్నుంచి రావాలి. నాకు రాలేదు. రానిదాన్ని వచ్చిందని రాయమంటే అది అబద్ధం అవుతుంది. అబద్ధం రాయడం నాకు చేతకాదు.

నాన్నకి పదకొండేళ్లు స్నానం చేయించింది నేను. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి మోసింది నేను. నా నడుం చూస్తే నీకు తెలుస్తుంది. నువ్వు తుర్రుమన్నావు. నువ్వు వదిలేసి పోయిన చాకిరీ చేసినవాణ్ని ఇప్పుడు క్షమించమని అడుగుతున్నావు, నీ ధైర్యానికి దండం పెట్టాలి.

టైమింగ్ గురించి రాశావు. నిజమే, నీ చెయ్యి మంచిదే. ఆ మంచి చెయ్యి ఆ ఒక్క పొద్దున ఎటు పోయింది?

నీ హబ్ నువ్వే ఉంచుకుని పూలదండ వేసుకో. నేను కొత్తది పోత పోయించుకుంటాను.

అన్నయ్య

ఏప్రిల్ 2

ప్రియమైన అన్నయ్యకి,

పోయించుకో. ఆ దిమ్మకి ఏ ఇనుము కావాలో కూడా నీకు తెలియదు, నాన్నకి తెలుసు, నాకు తెలుసు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాడికి నేనేం చెప్పను.

నాన్నకి స్నానం చేయించావని రాశావు. నన్ను గుమ్మం తొక్కనిస్తే నేనూ చేయించేదాన్ని. రెండుసార్లు వచ్చాను. రెండుసార్లూ నువ్వే గేటు దగ్గర అడ్డంగా నిలబడ్డావు. తుర్రుమన్నానట! తరిమినవాడే ఆ మాట అనాలి మరి.

చెల్లి

జూన్ 20

ప్రియమైన చెల్లికి,

మొదటి పోతలో గాలి బుడగలు వచ్చాయి. రెండోది చూడ్డానికి లక్షణంగా ఉంది గానీ స్టడ్లు దిగ్గొడుతుంటే నిలువునా పగిలింది. స్టడ్లంటే నీకు చెప్పక్కర్లేదు, నట్లు ఎక్కే ఆ ఐదు మేకులు. నువ్వు చెప్పిందే నిజమైంది, ఇనుము తేడా. సంతోషించు.

బండి మొత్తం పూర్తయింది, మూడు చక్రాల మీద నిలబడింది. నాలుగో మూల చెక్కదిమ్మల మీద ఉంది. ఇంజను తిరుగుతోంది. ఆ చప్పుడు వింటే నువ్వు కూడా నోరు మూసుకుని నిలబడతావు. మీ వదిన మాత్రం, "ఒక్క మాట రాయడానికి ఇంత ఏడుపేమిటండీ, రాసి పారేయండి" అని రోజూ నా ప్రాణం తీస్తోంది. మీ ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారని నాకు తెలియదనుకోకు.

సరే, నేనూ ఒక మెట్టు దిగుతాను. "క్షమించాను" అని రాయలేను. "క్షమించడానికి ప్రయత్నిస్తాను" అని రాస్తాను. సంతకం కూడా పెడతాను. అంతకంటే దిగను.

అన్నయ్య

జులై 2

ప్రియమైన అన్నయ్యకి,

నీ ప్రయత్నం నీ దగ్గరే ఉంచుకో. హబ్ పార్సిల్ వేశాను. దానికి బదులు ఏమీ పంపొద్దు.

అలసిపోయాను. అడుక్కునేవాడు కూడా ఒక గుమ్మంలో ఇన్నిసార్లు అడగడు. నిన్న బటన్లు కుడుతూ కూర్చున్నప్పుడు అనిపించింది, నీ దగ్గర లేనిదాన్ని నువ్వెక్కణ్నుంచి ఇస్తావని. ఇక అడగను.

ఆ పొద్దున నా మంచి చెయ్యి ఎటు పోయిందని అడిగావు కదా. ఎటూ పోలేదు. దున్నకి ఎడమవైపు నట్లు ఎదురు తిప్పితేనే బిగుస్తాయి, చక్రం తిరిగే తిరుగుడుకి వదులవకుండా ఆ కంపెనీవాడు అలా చేశాడు. నాన్న మనిద్దరికీ అన్నం తినడం కంటే ముందు అది నేర్పాడు. బయల్దేరే ముందు ఒక్కో నట్టుకి ఒక్క లాగు, అది ఆయన పద్ధతి. అలాగే లాగాను. వెనక ఎడమవి రోజూ కదిలేవి కావు, ఆ రోజు ఐదూ కదిలాయి. వదులుగా ఉన్నాయి కాబోలు, మంచిపని చేశాననుకుని ఇంకా గట్టిగా, పానా మీద ఒంటి బరువంతా వేసి లాగాను. కొండ దిగకముందే చక్రం ఊడింది.

ఎక్కడో తప్పు లాగి ఉంటాను. ఎక్కడో తెలియదు. పందొమ్మిదేళ్లుగా పడుకునే ముందు ఆ ఐదు నట్లనీ మళ్లీ మళ్లీ లాగుతూనే ఉన్నాను. హబ్ తెచ్చానే గానీ గుడ్డ ఒక్కసారి కూడా విప్పలేదు. చూసే ధైర్యం లేకపోయింది. నువ్వు చూసుకో.

నాకు ఇక ఉత్తరాలు రాయకు.

చెల్లి

ఆగస్టు 19

చెల్లీ,

రాయకు అన్నావు. రాస్తున్నాను. ఇది మాత్రం చించకు.

పార్సిల్ వచ్చింది. గుడ్డ విప్పి, మూడు రోజులు కిరసనాయిల్లో నానబెట్టి, తుప్పు గీకాను. దిమ్మ చెక్కుచెదరలేదు. ఎడమవైపు నట్లు నా దగ్గర డబ్బాలో ఉన్నాయి, దేశమంతా తిరిగి ఏరినవి. ఒకటి తీసి స్టడ్డుకి పెట్టాను. ఎక్కలేదు. ఐదూ ప్రయత్నించాను, ఒక్కటీ పట్టుకోలేదు. నట్లు అమ్మినవాణ్ని బూతులు తిట్టాను. తర్వాత నేల మీద పడి ఉన్న మామూలు లారీ నట్టు ఒకటి చేతికొచ్చింది. ఊరికే పెట్టి చూశాను. వేళ్లతో తిప్పితే చివరిదాకా పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది అని రాయాలని ఉంది. రాయను.

ముందురోజు సాయంత్రం ఆ హబ్ స్టడ్లు అరిగిపోయి ఉంటే నేనే కొట్టి తీసేశాను. ఎడమవైపుకి వేసే ఎదురు చుట్లవి ఎక్కడా దొరకలేదు. దున్న పొద్దున్నే బయల్దేరాలి. లారీకి వాడే మామూలు స్టడ్లు ఐదు దిగ్గొట్టి, మామూలు నట్లు బిగించేశాను. నాన్నకి చెబితే బండి కదలనివ్వడు. ఈ ఒక్క ప్రయాణం అయ్యాక మారుద్దాంలే అనుకున్నాను. నీకు చెప్పాలని కూడా అనుకున్నాను. నీకు చెప్పడమంటే, ఎదురు చుట్లవి సంపాదించలేకపోయానని నీ ముందు ఒప్పుకోవడం. అది నాకు చిన్నతనం అనిపించింది. పొద్దున మీరు బయల్దేరకముందే బ్రేకు ఆయిలు కోసమని వెళ్లిపోయాను.

నువ్వు నాన్న నేర్పినట్టే ఎదురు తిప్పావు. నేను వేసిన స్టడ్ల మీద అది విప్పడం. నువ్వు ఎంత గట్టిగా లాగితే అంత వదులయ్యాయి. పనిరాని పిల్ల అయితే ఒక నట్టు మర్చిపోయేది, రెండు సరిగ్గా లాగేది కాదు, చక్రం నిలిచేదేమో. నీ చేతికి ఐదూ దొరికాయి.

నాన్నని ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజే నాకు ఆ స్టడ్ల మీద అనుమానం వచ్చింది. నేను మార్చింది కుడివైపు స్టడ్లే అని నాకు నేనే చెప్పుకున్నాను. రోజూ చెప్పుకుంటే నిజమైపోయింది. తేలు కుట్టిన దొంగ నోరు మూసుకుంటాడంటారు. నేను నోరు మూసుకోలేదు, నీ మీద అరిచాను.

ఇంకొకటి కూడా విను. నట్టు ఎక్కిన తర్వాత నేను చేసిన మొదటి పని రంపం తీసుకోవడం. స్టడ్లు కోసేసి కొత్తవి వేసేస్తే ఇక ఎవరికీ తెలియదు. రెండు కోసేశాను కూడా. మూడోది పట్టుకున్నప్పుడు మీ వదిన టీ తెచ్చి, "ఏంటండీ కోస్తున్నారు?" అంది. ఏదో ఒకటి చెప్పొచ్చు. నోట్లోంచి అబద్ధం రాలేదు, మొత్తం చెప్పేశాను. ఆవిడ గ్లాసు నా ముందు పెట్టలేదు, పట్టుకునే నిలబడింది. "ముందు ఆ పిల్లకి రాయండి" అని వెళ్లిపోయింది. అప్పటి నుంచి నాతో మాట్లాడలేదు. షెడ్డులో నలుగుర్నీ పిలిచి చెప్పాను. నాన్న కాలం నాటి మేస్త్రీ టోపీ తీసుకుని ఇంటికెళ్లిపోయాడు.

మిగిలిన మూడు స్టడ్లతో హబ్ వెనక్కి పంపుతున్నాను. నట్టు కూడా పెట్టాను. వేళ్లతో తిప్పి చూసుకో, నా మాట నమ్మాల్సిన పనిలేదు. దున్న దిమ్మల మీదే ఉంటుంది. కాల్చెయ్యమంటే కాల్చేస్తాను.

నువ్వు క్షమించమని అడిగావు. అందులో క్షమించడానికి ఏమీ లేదు, నువ్వు చేసింది సరైన పని. నన్ను క్షమించమని నేను అడగను.

నాన్న కుర్చీ కిటికీ పక్కన ఉండేది. వీధిలో ఆడపిల్ల చెప్పుల చప్పుడు వినపడితే తల ఎత్తేవాడు, నువ్వు కాకపోతే దించుకునేవాడు. ఒకసారి నేను గడ్డం గీస్తుంటే, "అది అంత జాగ్రత్త మనిషి, ఆ రోజు ఏం పొరపాటు చేసిందిరా?" అని అడిగాడు. బ్లేడు నా చేతిలో ఉంది, ఆయన మొహం నా చేతిలో ఉంది, గదిలో ఇంకెవరూ లేరు. "దానికి పొగరెక్కువ నాన్నా" అన్నాను. ఆయన సరేనని తలూపాడు.

ఆయన అదే నమ్మి పోయాడు.

అన్నయ్య